ట్రాప్‌లో 15+ రుబీడియం నిలవడం లేదు, గేజ్ మాత్రం 2×10⁻¹⁰ మిల్లీబార్ చూపిస్తోంది

పెన్నింగ్_విద్యార్థి

అందరికీ నమస్కారం. నా పీహెచ్‌డీ పని పెన్నింగ్ ట్రాప్‌లో (అయస్కాంత, విద్యుత్ క్షేత్రాలతో అయాన్లను బంధించి ఉంచే పరికరం) ద్రవ్యరాశి కొలతల మీద. మాగ్నెట్ 7 టెస్లా. ట్రాప్ గది ఉష్ణోగ్రతలోనే ఉంటుంది, చల్లబరిచే ఏర్పాటు లేదు. అయాన్లు ఈబీఐటీలో (ఎలక్ట్రాన్ల పుంజంతో పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టే యంత్రం) తయారై బీమ్‌లైన్ ద్వారా వస్తాయి. ఫ్లైట్ టైమ్ పద్ధతిలో కొలుస్తాం: ట్రాప్‌లో కొంతసేపు ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ క్షేత్రం) ఇస్తాం, తర్వాత అయాన్లను డిటెక్టర్ వైపు వదులుతాం. సరైన ఫ్రీక్వెన్సీ తగిలితే అవి త్వరగా చేరతాయి, అదే రెజొనెన్స్.

రుబీడియం-85, 1+తో ఒక సెకను ఆర్‌ఎఫ్ ఇచ్చినా రెజొనెన్స్ చక్కగా వస్తోంది. 15+కి (15 ఎలక్ట్రాన్లు పోయిన అయాన్) మారగానే సమస్య మొదలైంది. 100 మిల్లీసెకన్లకు బాగానే ఉంది. 500కి వెళ్లేసరికి రెజొనెన్స్ లోతు బాగా తగ్గిపోతోంది. ఒక సెకను ఉంచితే అయాన్లలో దాదాపు సగం మాత్రమే అసలు చోట కనిపిస్తున్నాయి. మిగతావి టైమ్ స్పెక్ట్రమ్‌లో కాస్త ఆలస్యంగా, కుడివైపు వరుసగా చిన్న శిఖరాలుగా వస్తున్నాయి.

ఛార్జ్ ఎక్స్ఛేంజ్ (ట్రాప్‌లో మిగిలిన వాయువు నుంచి అయాన్ ఎలక్ట్రాన్‌ను లాక్కోవడం) అనే అనుమానంతో లెక్క వేశాను. గేజ్ 2×10⁻¹⁰ మిల్లీబార్ చూపిస్తోంది. అంటే ఘన సెంటీమీటర్‌కు సుమారు 48 లక్షల అణువులు. మిగిలిన వాయువంతా హైడ్రోజనే అనుకుని లాంజెవిన్ సూత్రం (అయాన్, అణువు ఎంత తరచుగా ఢీకొంటాయో అంచనా వేసేది) వాడితే 15+ అయాన్ సగటున 9 సెకన్లు బతకాలి. అలాంటప్పుడు ఒక సెకనులో సగం ఎలా పోతాయి?

ల్యాబ్‌లో సీనియర్ ఒకరు ఇది వాక్యూమ్ సమస్యే కాదు, ట్రాప్ అక్షం అయస్కాంత క్షేత్రంతో సరిగ్గా కలవకపోవడమే అంటున్నారు. మా గైడ్ ఇంకో దారి చెప్పారు: సమయం పెంచలేకపోతే ఆవేశం పెంచు, 25+కి వెళ్దాం అని. ఏది ముందు చేయాలో తేలక టెన్షన్‌గా ఉంది. ఒక వివరం: గేజ్, పంపు రెండూ మాగ్నెట్ బయట ఉన్నాయి. అక్కడి నుంచి ట్రాప్ దాకా సుమారు 4 సెంటీమీటర్ల వ్యాసం, మీటరు పొడవున్న గొట్టం.

---

శూన్యసాధన

మీ ప్రశ్నలో చివరి వాక్యం నన్ను ఆపేసింది. గేజ్ మాగ్నెట్ బయట, ట్రాప్ లోపల, మధ్యలో మీటరు సన్నటి గొట్టం. గట్టు మీద కూర్చుని బావిలో నీళ్లెన్నో చెప్పినట్టే ఇది. నా ఉద్యోగ జీవితమంతా అతి తక్కువ పీడనాల మీదే గడిచింది. గేజ్ అంకె ఎన్నోసార్లు కొత్తవాళ్ల నమ్మకాన్ని పోగొట్టడం చూశాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు 1+ సంగతి. మీ దగ్గర 1+ బాగా వస్తోంది కాబట్టి వాక్యూమ్ బాగుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. హైడ్రోజన్ అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను లాగడానికి 15.4 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. రుబీడియం 1+ ఆ ఎలక్ట్రాన్‌ను తీసుకుంటే తిరిగి వచ్చేది 4.2 మాత్రమే. నెమ్మదిగా కదిలే అయాన్‌కు ఆ లోటు పూడ్చే శక్తి ఉండదు. కాబట్టి హైడ్రోజన్ చుట్టూ ఎంత ఉన్నా 1+ దాని నుంచి ఎలక్ట్రాన్‌ను లాక్కోలేదు. ఊరికే తగిలి కొద్దిగా వేగం కోల్పోతుంది. రుబీడియం బరువు హైడ్రోజన్‌కు నలభై రెట్లకు పైనే కాబట్టి ఒక్కో తాకిడికి పోయేది కూడా చాలా తక్కువ. 2+ నుంచి కథ మారుతుంది, అక్కడ తిరిగి వచ్చేది 27 ఎలక్ట్రాన్ వోల్టులు దాటుతుంది. 15+ అయితే ఏ అణువు దగ్గరికి వచ్చినా వదలదు. ట్రాప్‌లోని వాయువు ఎలాంటిదో 1+ మీకు ఎప్పటికీ చెప్పదు.

ఇప్పుడు గేజ్. వేడి తీగ అయనీకరణ గేజ్ అయితే దాన్ని నైట్రోజన్‌తో సరిచూసి ఇస్తారు. హైడ్రోజన్ విషయంలో దాని స్పందన సగానికన్నా తక్కువ. బేక్ చేసిన (వేడి చేసి లోపలి తేమను వెళ్లగొట్టిన) ఛాంబర్‌లో మిగిలేది ముఖ్యంగా హైడ్రోజనే కాబట్టి చూపించిన అంకెను సుమారు 2.4తో గుణించాలి. మీ 2×10⁻¹⁰ అక్కడికక్కడే 5×10⁻¹⁰కి దగ్గర పడింది. అదీ గేజ్ ఉన్న చోట.

ఇక గొట్టం. ఈ పీడనాల్లో అణువులు ఒకదాన్నొకటి తోసుకుంటూ ప్రవహించవు. ఒక్కొక్కటే గోడలకు తగులుతూ దారి వెతుక్కుంటుంది. 4 సెంటీమీటర్ల వ్యాసం, మీటరు పొడవు ఉన్న గొట్టం గుండా హైడ్రోజన్ సెకనుకు సుమారు 29 లీటర్లకు మించి వెళ్లదు. చివర 300 లీటర్ల పంపు పెట్టినా ట్రాప్‌కు అందేది దాదాపు 26. పంపు మార్చి 1000 లీటర్లది తెచ్చినా ఆ అంకె 28 అవుతుంది, అంతే. పైగా ట్రాప్ లోపల ఎలక్ట్రోడ్లు, వాటి మధ్య ఇన్సులేటర్లు, వైర్లు అన్నీ వాయువును వదులుతూనే ఉంటాయి. అందుకే ట్రాప్ మధ్యలో పీడనం గేజ్ దగ్గరకన్నా కొన్ని రెట్లు ఎక్కువ ఉండి తీరుతుంది.

లెక్కను తిరగేసి చూడండి. ఒక సెకనులో సగం పోతున్నాయంటే పోయే వేగం సెకనుకు 0.69. 15+కి, హైడ్రోజన్‌కి లాంజెవిన్ రేటు సుమారు 2.2×10⁻⁸ ఘన సెంటీమీటర్లు ప్రతి సెకనుకు. ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే ఘన సెంటీమీటర్‌కు 3 కోట్ల చిల్లర అణువులు వస్తాయి, అంటే సుమారు 1.3×10⁻⁹ మిల్లీబార్. గేజ్ చూపిన దానికి ఆరు రెట్లకు పైన. అందులో 2.4 రెట్లు హైడ్రోజన్ సవరణ. మిగిలిన రెండున్నర, మూడు రెట్లను మీ గొట్టం చాలా తేలిగ్గా వివరిస్తుంది. నాకు ఇందులో వింత ఏమీ కనిపించడం లేదు. లాంజెవిన్ రేటు కూడా అంచనాయే. ఛార్జ్ ఎక్స్ఛేంజ్‌కు ముల్లర్, సాల్జ్‌బోర్న్ అనే పరిశోధకులు ఇచ్చిన సూత్రం వాడితే ఇంత నెమ్మది వేగాల దగ్గర రేటు కొన్ని రెట్లు తక్కువ వస్తుంది, అప్పుడు అసలు పీడనం ఇంకా ఎక్కువని అర్థం. కాబట్టి 1.3×10⁻⁹ని పట్టుకుని వేలాడకండి, అది ఏ దశకంలో ఉందో మాత్రం గుర్తుంచుకోండి.

మీ సీనియర్ చెప్పిన అక్షం సంగతి కొట్టిపారేయను. కానీ రెండింటినీ వేరు చేసే పరీక్ష మీ చేతిలోనే ఉంది. ఆర్‌ఎఫ్ పూర్తిగా ఆపేయండి. అయాన్లను ఊరికే ట్రాప్‌లో ఉంచి, ఉంచే సమయం మార్చుకుంటూ వదలండి. 5+, 10+, 15+లతో విడివిడిగా చేయండి. అక్షం వల్ల పోతుంటే అయాన్లు మాయమవుతాయి, కొత్త శిఖరాలు పుట్టవు. ఛార్జ్ ఎక్స్ఛేంజ్ అయితే పోయిన ప్రతి 15+కి ఒక 14+ కనిపించాలి, అది సుమారు మూడున్నర శాతం ఆలస్యంగా రావాలి. పోయే రేటు ఆవేశంతో పాటు పెరగాలి. ట్రాప్ మధ్యలో ఏముందో చెప్పగలిగే గేజ్ మీ దగ్గర ఒక్కటే ఉంది: ఆ అయాన్.

---

బీమ్‌లైన్_రాత్రిషిఫ్ట్

మేడమ్ చెప్పినదానికి ఒకటి కలుపుతాను. చాలామంది ఛార్జ్ ఎక్స్ఛేంజ్‌ను అయాన్లు తగ్గిపోయే సమస్యగానే చూస్తారు. కౌంట్లు తగ్గితే ఇంకొన్ని గంటలు కొలుద్దాం అనుకుంటారు. నాకు అంతకన్నా భయం కలిగించేది ఫ్రీక్వెన్సీ జరగడం.

15+ కాస్తా 14+ అయిందనుకోండి. అది ట్రాప్‌లోంచి పోదు. ఆ చర్యలో విడుదలయ్యే శక్తిలో సింహభాగం తేలికైన హైడ్రోజన్ పట్టుకుపోతుంది, రుబీడియం దాదాపు ఉన్నచోటే ఉంటుంది. ఇప్పుడు మీ ఆర్‌ఎఫ్ దానికి పట్టదు. 7 టెస్లాలో 15+ ఫ్రీక్వెన్సీ 19 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటే 14+ది దానికి 1.27 మెగాహెర్ట్జ్ కింద ఉంటుంది. అది రెజొనెన్స్‌లో పాల్గొనకుండా పక్కనే తిరుగుతూ తన విద్యుత్ క్షేత్రంతో 15+ను నెడుతూ ఉంటుంది. ఇలా వేరే రకం అయాన్లు కలిసి ఉన్నప్పుడు, రెండు రెజొనెన్స్‌లూ స్పష్టంగా విడిపోయేంత దూరంలో ఉంటే, రెండూ కిందికి జరుగుతాయన్నది పాత సంగతే. ఇక్కడ రెండో అయాన్‌కు కూడా 14 రెట్ల ఆవేశం ఉంది. ఒకే ఆవేశం ఉన్న మాలిన్య అయాన్‌తో దీన్ని పోల్చలేం.

లోడ్ చేసిన వెంటనే 14+ ఫ్రీక్వెన్సీ దగ్గర డైపోల్ ఆర్‌ఎఫ్ (ఆ అయాన్లను మాత్రమే పక్కకు నెట్టేది) ఇచ్చి శుభ్రం చేయొచ్చు. అప్పటికే ఉన్నవి పోతాయి. కానీ కొలత నడుస్తుండగా పుట్టేవాటిని ఏమీ చేయలేం, అసలు ఇబ్బంది పెట్టేవి అవే. టైమ్ గేట్ పెట్టి (ఒక సమయ పరిధిలో వచ్చినవే లెక్కించి) వదిలించుకుందాం అనుకోవడానికీ లేదు. మూడున్నర శాతం తేడా చాలా చిన్నది, రెజొనెన్స్ తగలని 15+ల గుంపు కూడా దాదాపు అక్కడికే వస్తుంది.

అందుకే మీ డేటాను ఒక్కో షాట్‌లో ఎన్ని అయాన్లు వచ్చాయో దాన్నిబట్టి తరగతులుగా విడగొట్టి, ఒక్కో తరగతికి ఫ్రీక్వెన్సీ విడిగా తీయండి. అయాన్ల సంఖ్య పెరిగేకొద్దీ ఫ్రీక్వెన్సీ వాలుతుంటే దాన్ని ఒకే అయాన్ ఉన్న స్థితికి పొడిగించాలి. డిటెక్టర్ అన్ని అయాన్లనూ పట్టుకోదు కాబట్టి దాని సామర్థ్యం కూడా లెక్కలోకి తీసుకోండి. వీలైతే షాట్‌కు ఒకటి రెండు అయాన్లకు మించి లోడ్ చేయకండి. రాత్రంతా పడుతుంది, పట్టనివ్వండి.

---

పెన్నింగ్_విద్యార్థి

ఇద్దరికీ కృతజ్ఞతలు. మేడమ్ చెప్పిన పరీక్ష చేశాం. ఆర్‌ఎఫ్ లేకుండా కూడా కొత్త శిఖరాలు వచ్చాయి. 15+ తర్వాత 14+, ఇంకాస్త ఉంచితే 13+ వరుసగా పెరిగాయి. మొత్తం అయాన్ల సంఖ్య పెద్దగా తగ్గలేదు. 5+ బాగా ఎక్కువ సేపు నిలిచింది, 10+ మధ్యలో ఉంది. పోయే రేటు ఆవేశంతో పాటు దాదాపు సరళరేఖలో పెరిగింది. సీనియర్ కూడా గ్రాఫ్ చూసి ఒప్పుకున్నారు.

ఆర్‌జీఏ (మిగిలిన వాయువులు ఏవో ద్రవ్యరాశిని బట్టి చూపే పరికరం) స్కాన్ కూడా తీశాం. 2 (హైడ్రోజన్) దగ్గర పెద్ద శిఖరం. 18 దగ్గర కూడా గట్టిగానే ఉంది, 28 చిన్నది. 4 (హీలియం) దగ్గర కొంచెం ఉంది. బీమ్‌లైన్ పైభాగంలో హీలియం నింపిన ఆర్‌ఎఫ్‌క్యూ కూలర్ (అయాన్లను వాయువుతో నెమ్మదింపజేసే పరికరం) ఉంది, అక్కడి నుంచి వస్తోందేమో.

ఇంకా మిగిలిన ప్రశ్న గైడ్ గారిది. వాక్యూమ్ బాగు చేయాలంటే ట్రాప్ విప్పాలి, నెలలు పడుతుంది. ఈలోగా ఉన్న వాక్యూమ్‌తోనే 25+కి వెళ్తే కచ్చితత్వం పెరగదా? ఫ్రీక్వెన్సీ 31 మెగాహెర్ట్జ్ దాటుతుంది కదా?

---

శూన్యసాధన

చాలా శుభ్రమైన ఫలితం. మొత్తం సంఖ్య తగ్గకుండా శిఖరాలు ఒకదాని నుంచి ఇంకోదానికి జరిగాయంటే ఇక వాదన అక్కర్లేదు.

25+ గురించి. మీ గైడ్ చెప్పింది సూత్రం ప్రకారం తప్పేమీ కాదు. కచ్చితత్వం ఆవేశంతోనూ, అయస్కాంత క్షేత్రంతోనూ, ఆర్‌ఎఫ్ ఇచ్చే సమయంతోనూ, అయాన్ల సంఖ్య వర్గమూలంతోనూ పెరుగుతుంది. కాగితం మీద 15 నుంచి 25 అంటే అరవై ఏడు శాతం లాభం. కానీ ఆ సూత్రంలో ఆవేశం, సమయం ఒకదానికొకటి సంబంధం లేనట్టు కనిపిస్తాయి. మీ ట్రాప్‌లో వాటికి సంబంధం ఉంది, దాన్ని మీరే గ్రాఫ్ గీసి చూపించారు. పోయే రేటు ఆవేశంతో సరళంగా పెరిగితే అయాన్ బతికే సమయం అదే నిష్పత్తిలో తగ్గుతుంది. 15+కి సగటు జీవితకాలం సుమారు 1.45 సెకన్లు. 25+కి అది 0.87.

గణాంకాలు మాత్రమే చూస్తే ఆర్‌ఎఫ్ సమయం ఆ జీవితకాలానికి ఒకటి, రెండు రెట్ల మధ్య ఉన్నప్పుడు ఫలితం ఉత్తమం. కానీ పైన రాత్రిషిఫ్ట్ గారు చెప్పిన ఫ్రీక్వెన్సీ జరుగుడు తలచుకుంటే నేను జీవితకాలంలో మూడో వంతు దాటను. అలా చూస్తే 15+కి దాదాపు 0.48 సెకను, 25+కి 0.29. ఆవేశాన్ని సమయంతో గుణించండి: 15×0.48 ఏడు దాటి కొంచెం, 25×0.29 కూడా అంతే. మీరు ఆవేశంతో గెలిచినదంతా సమయం దగ్గర తిరిగి ఇచ్చేశారు. ఇది మూడో వంతు అన్న నా నియమం వల్ల వచ్చింది కాదు, ఏ వంతు పెట్టుకున్నా ఇంతే. వాయువు సాంద్రత మారకపోతే ఆ లబ్ధం మారదు. పైగా 25+ను ఈబీఐటీలో తయారు చేయడానికి ఎక్కువ సేపు పడుతుంది, ఆవేశ స్థితులు ఎక్కువగా చీలిపోయి కావలసినవి తక్కువ వస్తాయి. మీ ప్రస్తుత పీడనంలో 25+కి వెళ్తే నష్టమే తప్ప లాభం లేదు. గైడ్ గారికి ఈ గుణకారం చూపించండి, చాలు.

మరి కెనడాలోని ట్రయంఫ్ పరిశోధన కేంద్రంలో టైటన్ ట్రాప్ బృందం వాళ్లు ఎందుకు ఆవేశం పెంచారు అని అడగొచ్చు. వాళ్ల సమస్య వేరు. 2011లో వాళ్లు రుబీడియం-74ను 8+ స్థితిలో కొలిచి ప్రచురించారు. ఆ కేంద్రకం అర్ధాయువే 65 మిల్లీసెకన్లు. సమయాన్ని కేంద్రకమే పరిమితం చేస్తోంది, వాయువు కాదు. అయాన్‌ను పాడుచేయడానికి వాయువుకు అంత వ్యవధే దొరకదు. అక్కడ ఆవేశం పెంచితే వచ్చే లాభం పూర్తిగా చేతికి వస్తుంది. స్థిరమైన రుబీడియం-85తో సెకన్ల కొద్దీ కొలవాలనుకునే మీకు ఆ వాదన వర్తించదు.

దీర్ఘకాలం అయాన్‌ను ఉంచాలనుకున్నవాళ్లు ట్రాప్‌ను 4 కెల్విన్‌కు చల్లబరిచారు, అప్పుడు వాయువు గోడలకే అంటుకుపోతుంది. హైడెల్‌బర్గ్‌లోని మాక్స్ ప్లాంక్ అణు భౌతిక సంస్థలో ఉన్న పెంటాట్రాప్ అలాంటిదే. అక్కడ అయాన్‌ను బయటికి వదలకుండా, అది ఎలక్ట్రోడ్లలో పుట్టించే అతి చిన్న కరెంట్‌ను వింటారు. రీనియం 29+లో ఒక దీర్ఘకాలిక ఉత్తేజిత స్థితిని, కేవలం 202 ఎలక్ట్రాన్ వోల్టుల ద్రవ్యరాశి తేడా ద్వారా, 2020లో పట్టుకున్నారు. ఆ అయాన్ మొత్తం ద్రవ్యరాశి సుమారు 17,400 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. మధ్యలో ఒక్క హైడ్రోజన్ అణువు తగిలి 29+ కాస్తా 28+ అయితే ఆ కొలత అక్కడితో ఆగిపోతుంది. చల్లటి గోడలు ఎంత తేడా తెస్తాయో చూడాలంటే ప్రతిప్రోటాన్ల (వాయువు తగిలితే నశించిపోయే కణాలు) ప్రయోగాలు చూడండి. 1990లో సెర్న్‌లో గాబ్రియెల్సే బృందం ప్రతిప్రోటాన్లు ఎంతకాలం నిలిచాయో చూసి పీడనం 5×10⁻¹⁷ టార్ (మిల్లీబార్‌కు దగ్గరి ప్రమాణం) కంటే తక్కువని తేల్చింది. తర్వాత అదే సెర్న్‌లో బేస్ బృందం 405 రోజులు ప్రతిప్రోటాన్లను నిలిపి ఉంచింది. ఏ గేజూ ఆ పీడనాలను చదవలేదు. అక్కడ కూడా కణమే గేజ్.

మీరు రేపే 4 కెల్విన్‌కు వెళ్లలేరు, అవసరం కూడా లేదు. మీకు కావలసింది పది రెట్ల మెరుగుదల. అప్పుడు 15+ జీవితకాలం 14 సెకన్లు దాటుతుంది, రెండు మూడు సెకన్ల ఆర్‌ఎఫ్ నిశ్చింతగా ఇవ్వొచ్చు. ఆ తర్వాత మిమ్మల్ని ఆపేది అయస్కాంత క్షేత్రం నెమ్మదిగా జరగడమే.

ఆర్‌జీఏలో నాకు బాగా నచ్చనిది 18. అది నీరు, అంటే బేకింగ్ సరిపోలేదు. గొట్టం బయటి భాగం వేడెక్కి, ట్రాప్ దగ్గర చల్లగా మిగిలిపోయి ఉంటుంది, మాగ్నెట్ బోర్‌లో (మధ్య రంధ్రంలో) ఇది తరచూ జరుగుతుంది. బోర్ ఎంత వేడి తట్టుకుంటుందో మాగ్నెట్ పత్రాల్లో చూడండి. ట్రాప్ పక్కనే ఒక థర్మోకపుల్ ఉంచి, అది చూపించే ఉష్ణోగ్రతను మాత్రమే నమ్మి, రోజుల తరబడి బేక్ చేయండి. దీనికి ట్రాప్ విప్పక్కర్లేదు, కాబట్టి మొదట ఇదే చేయండి.

విప్పే రోజు వచ్చినప్పుడు ట్రాప్‌కు వీలైనంత దగ్గరగా ఎన్‌ఈజీ పట్టీలు (వాయువును తమలోకి పీల్చుకునే లోహపు పట్టీలు) పెట్టండి. గొట్టం అడ్డంకిని దాటే దారి అదొక్కటే: వాయువును పంపు దాకా రప్పించే బదులు పంపునే లోపలికి తీసుకెళ్లడం. ఎన్‌ఈజీ అయస్కాంత క్షేత్రంలో పనిచేస్తుంది, దానికి సొంత అయస్కాంతం లేదు కాబట్టి మీ క్షేత్రాన్నీ చెడగొట్టదు. అయాన్ పంపును అంత దగ్గర పెట్టలేం. యాక్టివేట్ చేయడానికి వేడి చేసేటప్పుడు మాత్రం అది తనలోని హైడ్రోజన్‌ను వదులుతుంది, ఆ సమయంలో టర్బో పంపు తెరిచి ఉంచండి. లోపలి మరలన్నీ చిల్లున్నవేనా చూడండి. మూసుకుపోయిన మర అడుగున చిక్కుకున్న గాలి నెలల తరబడి మెల్లగా కారుతూనే ఉంటుంది, బయట ఎంత లీక్ టెస్ట్ చేసినా అది దొరకదు.

హీలియం వేరే సంగతి. ఎన్‌ఈజీ దాన్ని అస్సలు పట్టదు. దాని నుంచి ఎలక్ట్రాన్‌ను లాగడానికి 24.6 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి కాబట్టి హైడ్రోజన్ అంత హాని చేయదు, కానీ మీ 15+కి ఆ 24.6 పెద్ద అడ్డు కాదు, హీలియం నుంచీ లాగేస్తుంది. కూలర్ నుంచి ట్రాప్ వరకు సూటిగా కనిపించే దారి ఉందా? ఉంటే తటస్థ పరమాణువులు బీమ్‌లాగా నేరుగా లోపలికి వస్తాయి, పక్కనున్న పంపులు వాటిని ఆపలేవు. మధ్యలో సన్నటి రంధ్రం, దానికి రెండు వైపులా విడివిడిగా పంపులు పెట్టండి. ముందుగా కూలర్‌లో హీలియం ఆపేసి అదే నిల్వ పరీక్ష ఒకసారి చేయండి. హీలియం లేక కొత్త అయాన్లు తగ్గినా, ఈబీఐటీలో కొంచెం రుబీడియం మిగిలి ఉంటే సరిపోతుంది. 15+ జీవితకాలం మారితే హీలియం వాటా ఎంతో తెలుస్తుంది. మారకపోతే ఆ రంధ్రం పని తర్వాతకు వాయిదా వేసి బేకింగ్ మొదలుపెట్టండి.